మూడు గళ్ల పుస్తకము

పాఠశాల వార్షిక సంచికకు పక్షులనుగూర్చి యేదైన వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. పక్షిశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. ఒక పాత నోటుపుస్తకము మాత్రము నాయొద్ద నున్నది. దాని యట్ట చినిగినది. వెన్నుకు గుడ్డపేలిక యంటించియున్నది. అందొక పుటలో ఒక పంక్తి కొట్టివేయబడినది. ఆ పంక్తి నా మూలముననే వ్రాయబడెను. నా మూలముననే కొట్టివేయబడెను. దానినిగూర్చియే వ్రాయుదును.

1988వ సంవత్సరమున నే నీ పాఠశాలలో పదవ తరగతి చదువుచుంటిని. మా యిల్లు సఫిల్‌గూడ చెరువునకు అనతిదూరమున నుండెను. లాలాగూడలో రైల్వే యుద్యోగమునుండి విరమించిన పెద్దమనిషి యొకరుండిరి. మేమందరము వారిని తాతగారనియే పిలుచువారము. ప్రతి నెల మొదటి శనివారము సాయంకాలము వారి వరండాలో అయిదారుగురు చేరి, ఆ నెలలో తాము చూచిన పక్షులనుగూర్చి చెప్పుకొనుచుండిరి. అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే, 1980లో, హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము స్థాపింపబడెను. నేడది డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది. మా వరండాసభకు పేరును లేదు, చందాయును లేదు. తేనీరును, వేయించిన సెనగలును మాత్రముండెడివి. మొదట నేను పోయినది ఆ సెనగలకొరకే యని యొప్పుకొనుట మంచిది.

తాతగారి పుస్తకమున తేదీ, స్థలము వ్రాసిన పిమ్మట మూడు గళ్లుండెను. మొదటిదానిపై "చూచినది" అనియు, రెండవదానిపై "విన్నది" అనియు, మూడవదానిపై "అనుకొన్నది" అనియు వ్రాసియుండెను. పెరటిలో గోరువంకను కన్నులార చూచినచో మొదటి గడి. పొదలోనుండి జెముడుకాకి గొంతు మాత్రము వినవచ్చినచో రెండవ గడి. ఆకాశమున మిక్కిలి యెత్తున తిరుగునది డేగయో గద్దయో తేలనిచో మూడవ గడి.

"మూడవ గడిని చూచి సిగ్గుపడకు నాయనా! నా పుస్తకములో అన్నిటికంటె నిండినది అదియే" అని వారు మొదటినాడే నాతో ననిరి.

ఆ సభకు వచ్చువారిలో ఒకరు గూడ్సుబండి గార్డు. కాజీపేటనుండి బల్హార్షావైపు పోవు మార్గమున వారి పని. సిగ్నలుకొరకు బండి అడవినడుమ ఆగినప్పుడెల్ల చెవియొగ్గి యుండెడివారు. టేకుచెట్లలో వడ్రంగిపిట్ట దెబ్బలు, తెల్లని పొడవుతోకను రిబ్బనువలె ఆడించుచు కొమ్మనుండి కొమ్మకు పోవు తోకపిగిలిపిట్ట, ఇవి వారి కథలు. వారికి మిక్కిలి ప్రియమైనది పొన్నంగిపిట్ట. ఆకుపచ్చ, నీలము, ఎరుపు, పసుపు మొదలగు రంగులన్నియు పూసికొని, రాలిన ఆకులలో కోడిపిల్లవలె గెంతుచు పురుగులను వెదకుకొనును. పైరంగు లెన్ని యున్నను కంటికి చిక్కుట యరుదు. ఉదయసంధ్యయందును సాయంసంధ్యయందును రెండు స్వరముల యీలవేసి తన యునికిని తెలుపును. ఇచట నొక ముచ్చట చెప్పవలెను. ఆఫ్రికానుండి ఆస్ట్రేలియావరకు గల ఆ కుటుంబపు పక్షులన్నిటికిని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు "పిట్ట" యనియే పేరిడిరి. అది మన తెలుగుమాటయే. ఈ సంగతి తెలిసిననాడు గార్డుగారు తేనీరు మరియొక కప్పు త్రాగిరి.

తిరుమలగిరినుండి వచ్చు గుమాస్తాగారివి రాళ్లగుట్టల వార్తలు. చెట్టు చేమ లేని ఆ బోడిగుట్టలలో చూడనేమున్నదని మనమనుకొందుము. చెవులవంటి ఈకలకుచ్చులు గల పెద్ద గుడ్లగూబ పగలెల్ల బండనీడన కూర్చుండుట వారు చూచిరి. తీతువు గూడు కట్టదు. గులకరాళ్లనడుమ చిన్నపల్లము చేసి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డేదో రాయేదో దగ్గరనుండి చూచినను తెలియదు. మనిషి సమీపించెనా, నెత్తిమీద ఎగురుచు గగ్గోలు పెట్టును. తీతువు కూత అపశకునమని మన పెద్దలందురు గాని, తన బిడ్డలకొరకు బెదరు తల్లి కేకలో మనకు రాదగిన కీడేమున్నదో నాకు బోధపడదు.

సముద్రతీరపు వార్తలు ఒక ఉపాధ్యాయినిగారివి. వారి పుట్టినిల్లు సూళ్లూరుపేట ప్రాంతము. సెలవులకు పోయి వచ్చినప్పుడెల్ల పులికాటు సరస్సున నిలిచిన ఫ్లెమింగోలనుగూర్చి చెప్పెడివారు. ఆ పక్షులు తలను తలక్రిందులుగా నీట ముంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి యాహారమును తీసికొనును. నేలపట్టు చెరువులో నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. వాని రెట్టవలన చెరువునీరు పొలములకు ఎరువుతో సమానమగునని ఆ యూరివారి నమ్మకము. కావుననే వానికి ఎవ్వరును కీడు చేయరు. ఉపాధ్యాయినిగారు చెప్పుచుండగా ఆ వరండాలోనికి ఉప్పుగాలి వీచినట్లుండెడిది.

ఆ దినములలో మా సభయందు మాటిమాటికి వచ్చెడి పేరు కలివికోడి. జెర్డాన్ అను ఆంగ్ల వైద్యునివలన శాస్త్రజ్ఞులకు తెలిసి, 1848లో గ్రంథస్థమైన ఆ పక్షి, 1900 తరువాత ఎవ్వరికిని కానరాలేదు. పలువురు వెదకి విసిగిరి. లోకమున లేదనియే తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె చెంత అది మరల దొరకెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి తరఫున భరత్ భూషణ్ వెదకుచుండగా, ఐతన్న యను స్థానికుడు రాత్రివేళ చేతిదీపపు వెలుతురున దానిని పట్టెను. శాస్త్రజ్ఞుల పుస్తకములలో ఎనుబదియారేండ్లు లేని పక్షి ఆ పొదల నెరిగినవానికి తెలిసియుండెను. తాతగారు ఈ కథను చెప్పినప్పుడెల్ల, "పుస్తకము చదువని వాని మాటయైనను వినవలెను" అని యొకమారును, "విన్న పిమ్మట పోయి చూడవలెను" అని యొకమారును అనెడివారు.

డిసెంబరు నెల సభనాడు అందరి సంచులును నిండియుండెను. నావంతు వచ్చెను. ఆ నెల నేను పరీక్షలని చెప్పి చెరువుగట్టున కడుగు పెట్టలేదు. నిజమునకు పరీక్షలకును చదువలేదు. మా తెలుగు పండితులు ఆ వారమే చక్రవాకములను వర్ణించు పద్యమొకటి పాఠము చెప్పియుండిరి. రాత్రియైనచో ఎడబాయు ఆ జంట నా మనస్సున మెదలుచుండెను. నోట వచ్చినది చెప్పితిని.

"సఫిల్‌గూడ చెరువులో చక్రవాకముల జంటను చూచితిని, తాతగారూ!"

వరండా యంతయు నిశ్శబ్దమాయెను. చక్రవాకములు లడఖు, టిబెట్టు మొదలగు ఎత్తైన ప్రదేశములలో పిల్లలను చేసి, చలికాలమున మన పెద్దజలాశయములకు దిగివచ్చునవి. మంజీరాతీరమున చూచిన వారున్నారు గాని మా చెరువులో చూచితిమన్నవారు లేరు.

"ఒడలి వన్నె?"

"నారింజవన్నె."

"తల?"

"కొంచెము తెల్లన."

పుస్తకములోని బొమ్మ నాకు జ్ఞప్తియందుండెను.

"కూసినవా?"

"కూసినవి" అంటిని. ఆ విధముగా నా యబద్ధము మొదటి గడిలోనే గాక రెండవ గడిలోను చోటు సంపాదించెను. ఉపాధ్యాయినిగారు సెనగల పళ్లెమును నావైపు జరిపిరి.

మరునాటి యుదయము పాలు తెచ్చుటకై నేను గట్టుమీదుగా పోవుచుండగా మంచులో ఒక మనిషి కూర్చుండియుండెను. తలకు మఫ్లరు, ఒంటికి కంబళి, మెడకు పాత దుర్భిణి. లాలాగూడనుండి అంతదూరము చేతికర్రతో నడచి తాతగారు వచ్చిరి. నేను ఇంకొక సందున పడి ఇల్లు చేరితిని. రెండవ నాడును వచ్చిరి. మూడవ నాడు నన్నుచూచి చేయెత్తి పిలిచిరి. దగ్గుచుండిరి.

"పోయినవి కాబోలు. నీ యదృష్టము నాకు లేదు. అయినను నష్టమేమి, ఇరువదిరెండు నామాలకోళ్లు లెక్కకు వచ్చినవి" అని నవ్వి, జేబులోని జామపండును తుంచి సగము నాకిచ్చిరి.

ఆ సగము పండును నేను తినలేకపోయితిని.

జనవరి మొదటి శనివారము సభ జరుగలేదు, తాతగారికి జ్వరము. నా మూలముననే యని నాకెవ్వరును చెప్పలేదు. డెబ్బదియేండ్లవారికి చలికాలమున జ్వరము వచ్చుటకు వేరు కారణములును ఉండవచ్చునని నాకు నేను చెప్పుకొంటిని. ఆ సమాధానము మూడుదినములు నిలిచెను. నాల్గవ దినమున బడి విడువగానే లాలాగూడకు పోయితిని. వారు మంచముమీద గోడకానుకొని కూర్చుండియుండిరి. నేను నిలుచుండియే చెప్పివేసితిని.

వారు కోపింపలేదు. చాలసేపు కిటికీవైపు చూచి, పుస్తకమును, కలమును, రూళ్లకర్రను తెమ్మనిరి. రూళ్లకర్రను చూచి నా చేతులకు పని పడునేమోయని భయపడితిని. వారు దానిని ఆ పంక్తిపై నుంచి ఒక్క సన్నని గీత గీచిరి.

"కొట్టివేసినను చదువవీలుగా నుండవలెను" అనుచు ప్రక్కన "చూడలేదు, వినలేదు" అని వ్రాసిరి. పిమ్మట కలమెత్తి నన్నడిగిరి:

"పోనీ, అనుకొంటివా? దూరమున ఏ బాతునో చూచి చక్రవాకమేమోయని?"

"లేదండి."

"అట్లయిన మూడవ గడికిని రాదు" అని కలము నా చేతికిచ్చిరి. తేదీ వేసి క్రింద సంతకము చేసితిని. ఆ వ్రాలు నేటికిని ఉన్నది, అక్షరములు వణకియున్నవి.

ఫిబ్రవరిలో సభ మరల జరిగెను. ఆ సంగతిని వారు ఎవ్వరికిని చెప్పలేదు; నేను చెప్పితిని. గార్డుగారు మాత్రము కొన్ని నెలలవరకు నా మాటకు "ఊఁ" కొట్టక సెనగలు నములుచుండిరి. న్యాయమే.

మరుసటి చలికాలమున, ఒంటరిగా శామీరుపేట చెరువునకు పోయియుండగా, మునిమాపువేళ మిక్కిలి యెత్తున పెద్దబాతులు పదునేడు వంకరబారుగా ఉత్తరపు దిక్కునకు పోవుట చూచితిని. హిమాలయములను దాటివచ్చెడి, తలపై రెండు నల్లపట్టెలుగల బాతులని నా గుండె చెప్పెను. కాని పట్టెలు కానరాలేదు, వెలుతురు చాలలేదు. తాతగారితో అట్లే చెప్పితిని. వారు అరగంటసేపు నన్ను ప్రశ్నించి మూడవ గడిలో వ్రాసిరి. వ్రాసి, "పదునేడు" అను అంకెక్రింద గీత గీచి, "ఇది మాత్రము చూచినదే కదా" అనిరి.

కొన్నియేండ్లకు వారు గతించిరి. పుస్తకము నాకిమ్మని ఇంటివారితో చెప్పియుండిరట. తీరికగా చదువగా ఒక విషయము నన్ను ఆపివేసెను. నామాలకోళ్లకు అంకె వేసిన మనిషి రాబందులకు అంకె వేయలేదు. ఊరిబయట పశుకళేబరములు పారవేయు చోటున చూచినప్పుడెల్ల "రాబందులు – చాల" అని వ్రాసి వదలిరి. అంత సామాన్యమైన పక్షిని ఎవరు లెక్కింతురు? 1990 తరువాత భారతదేశమంతట రాబందులు కూలిపోయెను. పశువులకు నొప్పికై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములద్వారా వాని మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో తేలెను. 2006లో పశువులకు ఆ మందు వాడుట మనదేశమున నిషేధింపబడెను. 2013లో బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టచరియలపై పొడవుముక్కు రాబందుల గూళ్లు కనబడినప్పుడు వార్తాపత్రికలలో ప్రచురించిరి. 1931–32లో సలీం అలీ నిజాము రాష్ట్రమంతట తిరిగి పక్షులను పరిశీలించి, ఆ వివరములను బొంబాయి సంఘపు పత్రికలో ప్రకటించిరి గనుక, నేటివారు తమ జాబితాలను దానితో సరిచూచుకొనగలుగుచున్నారు. "చాల" అను మాటను దేనితో సరిచూతుము? లేని చక్రవాకములకు రెండుగళ్లు దొరకెను. ఉన్న రాబందులకు ఒక అంకె దొరకలేదు.

సఫిల్‌గూడ చెరువుగట్టున నేడు ఉదయమున వాహ్యాళి చేయువారే యెక్కువ. పటానుచెరువు సమీపమున అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటింపబడెను. ఇప్పుడు నేను తరచుగా అచటికే పోవుచున్నాను. తాతగారి పుస్తకమున ఖాళీపుటలుండగా క్రొత్తది కొనుటకు మనసొప్పక అందులోనే వ్రాయుచున్నాను. నామాలకోళ్లకును, కాకులకును అంకె వేయుచున్నాను. కాకులతో మిక్కిలి కష్టము, అవి నిలువవు.

గత అక్టోబరులో ఒకనాటి సాయంసంధ్యవేళ మా పెరటిలో, జామచెట్టు క్రింది చెత్తకుప్పవైపునుండి, రెండు స్వరముల యీల వినబడెను. నేనును నా కుమార్తెయు ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి. మరల ఒకమారు వినబడెను, పిమ్మట చీకటిపడెను.

"పొన్నంగిపిట్టయే, నాన్నగారూ! సందేహమేమి? మొదటి గడిలో వ్రాయుడు" అని నా కుమార్తె తొందరపెట్టెను.

రెండవ గడిలో వ్రాసితిని. ఆమె మూతి ముడుచుకొని పరుండెను. తెల్లవారకమునుపే వంటయింటి తలుపు గడియ చప్పుడు వినబడి లేచి చూడగా, ఆమె నా దుర్భిణి మెడకు తగిలించుకొని, చెప్పులు చేతబట్టుకొని, పెరటిలోనికి పోవుచుండెను.