బేరా చెప్పిన పాఠం

వ్యాపారానికి మూలధనమేమిటని అడిగితే మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు డబ్బు, స్థలం, సరుకు అని తడుముకోకుండా చెబుతారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఆ శాస్త్రంలో ప్రవేశం లేదు. అయినా ఆ జాబితాకెక్కని మూలధనం మరొకటి ఉన్నదని, ఉస్మానియాలో ఎం.ఏ. చదివే రోజులలో ఒక ఇరానీ హోటలు నాకు బోధించింది.

అక్కడ ఒక వృద్ధ బేరా ఉండేవారు. అందరం చాచా అనేవాళ్లం. ఇరానీ చాయ్‌కి పాలు వేరుగా, డికాక్షను వేరుగా కాగుతుంటాయి. డికాక్షను మరీ మరిగితే చేదెక్కుతుంది. అట్టి వేళ మేము వెళితే చాచా కప్పు తెచ్చేవారు కారు. "జర ఆగు బేటా, కొత్తది దిగుతున్నది" అనేవారు. ఆ ఐదు నిమిషాలలో మరో రెండు ఉస్మానియా బిస్కెట్లు చెల్లిపోయేవి. అంతకు మించి, ఆ బల్లమీదికి చెడ్డ చాయ్ రాదన్న నమ్మకం కుదిరేది. మరునాడు మమ్మల్ని మళ్లీ రప్పించింది ఆ నమ్మకమే.

కొంతకాలానికి యాజమాన్యం మారింది. పారబోసిన ప్రతి కప్పు వెలా బేరాల జీతంలో కోత పడసాగింది. ఒకనాడు చాచా మౌనంగా కప్పు నా ముందుంచి వెళ్లారు. చాయ్ చేదుగా ఉన్నది. తలెత్తి చూశాను, ఆయన నా వైపు చూడలేదు. కోతవల్ల మిగిలిన డబ్బు గల్లాపెట్టెలో కనిపించి ఉంటుంది. లేచిపోయిన గిరాకీ మాత్రం ఏ పద్దులోనూ ఎక్కలేదు. ఏడాది తిరగకుండానే బల్లలు సగం ఖాళీ అయినాయి. నేనూ వేరొక హోటలు చూసుకొన్నాను. అంతకాలం ఆయన చేతి చాయ్ తాగినవాణ్ణి, "ఏమైంది చాచా?" అని ఒక్క మాట అడగలేదు. ఆ చేదు నేటికీ నా నాలుకను వదలలేదు.

ఇందుకు భిన్నమైన కథ ఇండియన్ కాఫీ హౌసులది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, ఎ.కె. గోపాలన్ అండతో పనివారే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నడపసాగారు. నిన్న బల్ల తుడిచినవాడు నేడు భాగస్వామి అయినాడు. తరువాత కొన్ని మూతబడిన మాట నిజమే; కాని ఆరు దశాబ్దాలు గడిచినా అనేక నగరాలలో అవి నిలిచే ఉన్నాయి.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు గల్లాపెట్టె ముందు కూర్చుంటారు. "ఈ చాయ్ బాగాలేదు, ఇవ్వను" అనగలిగే స్వేచ్ఛను మీ బేరాకు ఇవ్వండి. పని తనదనుకొన్నవాడే దాని మంచిచెడ్డలు చూస్తాడు. వ్యాపారానికి అంతకంటె మంచి కాపలా లేదు.