తానై మేలుకొను యంత్రము

మా యమ్మకు 78 సంవత్సరములు. పల్లెలోని యింట నొంటరిగా నున్నది. మా యింటికి రమ్మన్న, “తులసికోటకు నీళ్లెవరు పోయుదురే?” యనును. అందుచే మావారు తమ పాత కంప్యూటరును ఆమె నడవలో నుంచి, కెమేరా తగిలించిరి. వంటచేయుచునే యామె తిరుగాడుట చూచి మనసు కుదుటపఱచుకొనుచుంటిని.

ఒక వానరాత్రి చిత్రము మాయమయ్యెను. ఫోను పలుకలేదు. తెల్లవాఱి పొరుగింటి పిన్నిగారు చూచి చెప్పువఱకు నాకు ప్రాణము నిలువలేదు. జరిగినది స్వల్పమే. గాలికి కరెంటు పోయి, గడియలో మరల వచ్చెను. దీపములు వెలిగెను, పంకా తిరిగెను. కంప్యూటరు మాత్రము మీట నొక్కువారు లేక నిద్రించెను. మీట బల్లక్రింద; అమ్మ వంగలేదు. ఫోను చార్జి చేయుటయు మఱచెను.

ఆదివారమే పోయితిమి. మావారు కంప్యూటరు మేలుకొనుచుండగనే డిలీట్ మీటను పలుమాఱు నొక్కిరి. కొన్నింటికి ఎఫ్2 నొక్కవలయును. బయాస్ తెర వచ్చెను. అందు “రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్” అను పంక్తి గలదు. తయారీనిబట్టి పేరు కొంత మాఱును. దానికి మూడు జవాబులు. “పవర్ ఆఫ్” అన్న, కరెంటు వచ్చినను లేవదు. “పవర్ ఆన్” అన్న, రాగానే లేచును. “లాస్ట్ స్టేట్” అన్న, పోవునప్పుడెట్లుండెనో యట్లే యగును. మా దానికి మొదటిది యుండెను. రెండవది పెట్టి భద్రపఱచిరి.

సోదరీమణులారా! లేచుట యొకటి, పనిలోఁ బడుట మఱియొకటి. కెమేరా పని తనంత నారంభమగునట్లును, పాస్‌వర్డు అడుగకుండునట్లును చేయవలసివచ్చెను. తాళము లేని యిల్లు గనుక లెక్కలు, ఉత్తరములు దానిలో నుంచలేదు.

పరీక్షించుటకు నడచుచున్న యంత్రము తీగ లాగరాదు. వ్రాఁత మధ్యలో తెగి డిస్కులోని విషయములు చెడవచ్చును. క్రమముగా నాపి, ప్లగ్గు తీసి, కొంతసేపటికి మరలఁ బెట్టితిమి. ఎవ్వరును ముట్టకయే లేచెను! లోపల నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీ గలదు. పాత యంత్రములలో నది క్షీణించినచో, కరెంటు పోయినపుడు గడియారము తప్పుటయే గాక, ఈ యేర్పాటును మఱచిపోవచ్చును. దానినిగూడ మార్చితిమి.

అంతయుఁ జూచి యమ్మ నవ్వి, “యంత్రమునకు లేచుట నేర్పితిరి, నా ఫోను సంగతి యెవరు చూతురే?” యనెను. సిగ్గుపడితిని. నాటినుండి రాత్రి భోజనము కాగానే, “అమ్మా, ఫోను చార్జికిఁ బెట్టితివా?” యని నేనే యడుగుచున్నాను. పిన్నిగారి నంబరు మా వంటింటి గోడపై వ్రాసికొంటిని.