గుండెదడ పిఱికితనమా?

ఇంటిలో ఆడుది గుండె దడదడలాడుచున్నదన్నచో మనము మొదట ననుమాట యేది? "భయపడితివి, దిష్టి తగిలినది" అనియే కదా! మేమును అట్లే యంటిమి. అందులకు నేఁడు సిగ్గుపడుచున్నాము.

మా యాడుబిడ్డకు 20 ఏండ్ల ప్రాయమునుండి యీ బాధ కలదు. ముగ్గువేసి లేచునంతలో గుండె గుఱ్ఱమువలె పరుగిడును. పావుగంటకుఁ దనంతఁ దానే కుదుటఁబడును. వైద్యుఁడు చూచునప్పటికి నాడి సరిగానే యుండును. మేము రక్షరేకు కట్టించితిమి. పిఱికిదని నవ్వితిమి కూడ. తుదకు మా బుచ్చిరెడ్డిపాలెములో కోదండరామస్వామి రథోత్సవమునాఁడు ఆమె కన్నులు తిరిగి కూలఁబడెను. దడ విడువకమునుపే నెల్లూరికిఁ గొనిపోఁగా, ఇ.సి.జి. పటము తీసిరి. గుండె నిమిషమునకు 190 మాఱులు కొట్టుకొనుచుండెను.

గుండె పైగదులనుండి క్రిందిగదులకు విద్యుత్తు దిగు కూడలి యొకటి కలదు. కొందఱికి అచ్చట వేగపుదారి, మెల్లనిదారి యని రెండుండును. ఒక్కొక్కప్పుడు విద్యుత్తు ఒకదాని వెంట దిగి, రెండవదాని వెంట నెక్కి, గానుగయెద్దువలె తిరుగును. ఈ జాడ్యము పురుషులకంటె స్త్రీలకే యెక్కువ.

చెన్నపట్టణమున చికిత్స జరిగినది. తొడమూలమందలి సిరగుండ సన్నని గొట్టమును గుండెకుఁ బంపి, నైట్రస్ ఆక్సైడు వాయువుచే దాని కొనను చల్లార్చుదురు. మొదట సున్నకు 30 డిగ్రీలు క్రిందికిఁ దెచ్చి చూతురు. మంచిదారికి హాని తోఁచినచో వెంటనే యాపుదురు, అది మరల కోలుకొనును. క్షేమమని తేలినపిదపనే 70, 80 డిగ్రీలు క్రిందికి దించి, కొన్ని నిమిషములలో మెల్లనిదారిని మూయుదురు. అమెరికా ప్రభుత్వము 2003లో ఈ పద్ధతి కనుమతి నిచ్చినది. వేఁడిమితో కాల్చు పద్ధతి అంతకు పూర్వమే కలదు. అందు దడ తిరుగఁబెట్టుట కొంత తక్కువ. కాని కూడలి చెడి పేస్‌మేకరు పెట్టవలసిన భయము స్వల్పముగాఁ గలదు. ఏది తగునో వైద్యులే నిర్ణయింపవలెను.

ఇప్పుడామె సుఖముగా నున్నది. ఒకనాఁడు, "వదినా! ఆ కాగితము చూచువఱకు నామాట నమ్మరైతిరి గదా" అనెను. మాకు బదులు తోఁచలేదు.

కావున దడ వచ్చినప్పుడు గడియారము చూచి వ్రాసికొనుఁడు. అది యాగకమునుపే ఇ.సి.జి. తీయింపుఁడు. మూర్ఛగాని, రొమ్ములో నొప్పిగాని, ఆయాసముగాని తోడైనచో క్షణమైన నాలసింపకుఁడు. రక్తహీనతచేతను, థైరాయిడు దోషముచేతను దడ రావచ్చును; అదియుఁ బరీక్షవలననే తెలియును. అన్నిటికంటె ముందు, చెప్పినదాని మాట నమ్ముఁడు.