చక్రాల మీద వంటిల్లు

తిరుపతి జిల్లాకు ఆగ్నేయపు కొసన, తమిళనాడు సరిహద్దును ఆనుకొని తడ అనే ఊరు ఉన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. ఊరికి తూర్పున పులికాట్ సరస్సు. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలక తరవాత ఇదే పెద్దది. చలికాలంలో ఇక్కడికి ఫ్లెమింగో పక్షులు గుంపులు గుంపులుగా వస్తాయి. సరస్సుకు అవతల రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవి. ఇవతల కొండలలో ఉబ్బలమడుగు జలపాతం. అది ఉన్నది వరదయ్యపాళెం మండలంలో అయినా, దానిని అందరూ తడ జలపాతమనే పిలుస్తారు.

ఇన్ని వింతలున్నా, తడలో ఎక్కువగా కనిపించేవి లారీలు. కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. దానిని పూర్వం 5వ నంబరు రోడ్డు అనేవారు. పొడవు సుమారు 1,700 కిలోమీటర్లు. అందులో వెయ్యికి పైగా మన ఆంధ్ర దేశంలోనే ఉన్నది. తడ దాటితే తమిళనాడు. ఒకప్పుడు ఇక్కడి భీమునివారిపాళెం చెక్‌పోస్టు దగ్గర పన్ను కాగితాలు చూపించటానికి లారీలు బారులు తీరి నిలబడేవి. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరవాత అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తివేశారు. అయినా లారీలు ఆగటం మానలేదు. డ్రైవర్లకు ఆకలి వేస్తుంది గదా!

రోడ్డు పక్క చెట్టు కింద లారీ ఆగుతుంది. క్లీనరు కిందికి దిగి, లారీ పక్కన ఉన్న పెట్టె తెరిచి, అందులోంచి ఒక బుల్లి గ్యాసు బండ, ఒక పొయ్యి, రెండు గిన్నెలు బయటికి తీస్తాడు. కాసేపట్లో అన్నం ఉడుకుతుంది, పప్పు తిరగమోత ఘుమఘుమలాడుతుంది. నాలుగు రాష్ట్రాలు దాటి వచ్చేవాడికి పూటకొక రుచి తింటే ఒంటికి పడదు. హోటలు ఖర్చూ ఎక్కువే. అందుచేత చాలామంది చక్రాల మీదనే వంటిల్లు పెట్టుకున్నారు.

"డీజిలు అయిపోతే బండి ఆగిపోద్ది అబ్బయా, గ్యాసు అయిపోతే మనిషే ఆగిపోతాడు," అన్నాడు ఒక డ్రైవరు. ఊరు కాని ఊళ్ళో, రాత్రివేళ, సగం ఉడికిన అన్నం ముందు కూర్చున్నప్పుడు పొయ్యి ఆరిపోతే మరొక బండ ఎక్కడ దొరుకుతుంది?

మన ఇళ్ళలో ఉండే బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. దానిని ఇచ్చే ఏజెన్సీకి మన చిరునామా కావాలి. మరి రోజుకొక ఊళ్ళో ఉండేవాడి చిరునామా ఏమిటి? ఈ చిక్కు తీర్చటానికి 2013 అక్టోబరులో ప్రభుత్వ చమురు కంపెనీలు 5 కిలోల బండలను కొన్ని నగరాలలోని పెట్రోలు బంకులలో అమ్మటం మొదలుపెట్టాయి. దీనికి ఇంటి చిరునామా అక్కరలేదు, ఆ మనిషి ఫలానా అని తెలిపే గుర్తింపు కార్డు చాలు. ఇండేన్ వారి చిన్న బండకు 2020లో "ఛోటూ" అని పేరు పెట్టారు. హెచ్.పి. వారిది "అప్పు", భారత్ గ్యాస్ వారిది "మినీ". ఖాళీ బండ ఇచ్చి, నిండు బండ తీసుకొని, లోపలి గ్యాసుకు మాత్రం డబ్బు ఇస్తారు. అయితే ఒక కంపెనీ బండను మరొక కంపెనీవారు తీసుకోరు. అందుకని దూరప్రయాణం చేసేవారు తమ దారిలో ఏ కంపెనీ బండ ఎక్కడెక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుంటారు.

అమెరికాలో ఇదే సంగతి మరొక విధంగా ఉంటుంది. అక్కడ మోటారు ఇళ్ళు ఉన్నాయి. బస్సంత బండిలో మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. సెలవులలో కుటుంబమంతా అందులోనే ఉంటూ దేశం తిరుగుతారు. పెద్ద మోటారు ఇళ్ళలో గ్యాసు తొట్టి బండి అడుగున బిగించి ఉంటుంది. దానిని ఊడదీసి ఇచ్చి ఇంకొకటి తెచ్చుకోవటం కుదరదు. బండినే గ్యాసు నింపే చోటికి తోలుకుపోవాలి. అక్కడ పని నేర్చిన మనిషి గొట్టం తగిలించి నింపుతాడు. నింపటం కూడా నూటికి 80 వంతుల దాకానే! మిగతా 20 వంతులు ఖాళీగా వదిలేస్తారు. ఎందుకంటే, ఎండ తగిలితే లోపలి ద్రవం ఉబ్బుతుంది. అది ఉబ్బటానికి చోటు లేకపోతే తొట్టికే ప్రమాదం.

గ్యాసు అని పిలుస్తూ ద్రవం అంటారేమిటని మీకు అనుమానం రావచ్చు. బండలో ఉన్నది ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల మిశ్రమం. వాటిని గట్టిగా అదిమితే ద్రవంగా మారిపోతాయి. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. అందుకే అంత వంట అంత చిన్న బండలో ఇమిడింది. తడకు ఎదురుగా ఉన్న శ్రీహరికోటలో కూడా ఇటువంటి కిటుకే ఉన్నది. అక్కడి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు పై అంతస్తులో హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చి నింపుతారు. కాని హైడ్రోజన్ వట్టి ఒత్తిడికి లొంగదు. దానిని సున్నాకు 253 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబరచాలి. మన వంట గ్యాసు అంత మొండిది కాదు.

చలికీ ఈ గ్యాసుకూ ఒక తగాదా ఉన్నది. బ్యూటేను ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావటం మానేస్తుంది. ప్రొపేను మాత్రం సున్నాకు 42 డిగ్రీల కింద కూడా మరుగుతుంది. అందుచేతనే మంచు కురిసే దేశాలలో మోటారు ఇళ్ళవారు ప్రొపేను నింపుకుంటారు. తడ వంటి వెచ్చని చోట ఏ మిశ్రమమైనా చక్కగా పనిచేస్తుంది. అదే బండతో చలికాలంలో కాశ్మీరు చేరితే, బండ బరువుగానే ఉన్నా మంట నీరసంగా వస్తుంది.

ఇక గ్యాసు ఎంత మిగిలిందో తెలుసుకోవటం ఎలాగు? బండకు కన్నం లేదు, లోపలికి చూడటానికి వీలు లేదు. తూచటం అన్నిటికన్నా మంచి పద్ధతి. బండ మీద దాని ఖాళీ బరువు రాసి ఉంటుంది. మొత్తం బరువులోంచి దానిని తీసివేస్తే మిగిలింది గ్యాసు. త్రాసు లేనప్పుడు డ్రైవర్లు ఒక తమాషా చేస్తారు. పొయ్యి ఆర్పేసి, తడిగుడ్డతో బండను పైనుంచి కిందికి తుడుస్తారు. కొంతసేపటికి పై భాగం ఆరిపోతుంది, కింది భాగం ఇంకా తడిగానే ఉంటుంది. తడి ఉన్నంతమేర ద్రవం ఉన్నదన్నమాట. ద్రవం వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది గనక అక్కడి ఇనుము త్వరగా వెచ్చబడదు.

లెక్క కూడా వేయవచ్చు. ఒక లీటరు మంచినీళ్ళు మరిగించటానికి మామూలు పొయ్యి మీద సుమారు 10 గ్రాముల గ్యాసు పడుతుంది. ఇద్దరి వంటకు రోజుకు 150 గ్రాములు ఖర్చవుతుందనుకుంటే 5 కిలోల బండ 33 రోజులు వస్తుంది. జాగ్రత్త గలవాడు 25 రోజులు కాగానే బంకు వెతుక్కుంటాడు.

జాగ్రత్త లేనివాడు ఏం చేస్తాడు? పెద్ద బండలోంచి చిన్న బండలోకి గ్యాసు వంపి ఇచ్చే దొంగ దుకాణం వెతుక్కుంటాడు. ఇది చట్టవిరుద్ధం. అంతకు మించి ప్రాణాంతకం. అక్కడ తూకం ఉండదు, ఖాళీ చోటు వదలటం ఉండదు. వంపేటప్పుడు కారిన గ్యాసు గాలి కన్నా బరువైనది గనక పైకి పోదు. నేల మీద, గుంటలలో, లారీ పెట్టె అడుగున పేరుకొని నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే మనకు తెలియాలనే దానిలో మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. ఆ కంపు కొడితే ముందు బండను కట్టివేయాలి, అగ్గిపుల్ల గియ్యరాదు, విద్యుత్తు స్విచ్చి ముట్టుకోరాదు.

తడ రైలు స్టేషను చెన్నై–గూడూరు దారిలో ఉన్నది. లారీలో బండ తీసుకుపోతున్నారు గదా అని రైలులోకి ఎక్కించరాదు. 2023 ఆగస్టు 26న మధురై స్టేషను దగ్గర నిలిపి ఉంచిన ఒక యాత్రికుల పెట్టెకు నిప్పు అంటుకొని 9 మంది చనిపోయారు. వారు ఉత్తరప్రదేశ్ నుంచి యాత్రకు వచ్చినవారు. చాటుగా తెచ్చుకున్న గ్యాసు బండే ఆ మంటకు కారణమని రైల్వేవారు చెప్పారు. వాళ్ళకు కావలసింది కాస్త టీ నీళ్ళు మాత్రమే.

తడ దగ్గర ఆగే మంచి డ్రైవర్లు కొన్ని పద్ధతులు పాటిస్తారు. లారీ కదిలేముందు రెగ్యులేటరు తీసి మూత బిగిస్తారు. బండను నిటారుగా కట్టి ఉంచుతారు, ఎందుకంటే పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. మూసిన క్యాబిన్‌లో పొయ్యి వెలిగించరు. రబ్బరు గొట్టం పగిలితే దారం చుట్టరు, కొత్తది కొంటారు.

మీ ఇంటికి ఈసారి బండ వచ్చినప్పుడు అమ్మానాన్నలతో కలిసి దానిని పరీక్షించండి. పైన చేతిపిడికి కింద ఉన్న రేకుల మీద ఒకచోట ఖాళీ బరువు ఉంటుంది. 15.3 కిలోలని ఉంటే నిండు బండ 29.5 కిలోలు తూగాలి. మరొకచోట ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు. అంకెలు సంవత్సరం. బండను మళ్ళీ పరీక్ష చేయించవలసిన గడువు అది. గడువు దాటిన బండ వస్తే, తెచ్చిన మనిషికే తిరిగి ఇచ్చి మంచిది అడగండి.