బుట్టలో ఏం పెట్టాలి? (కూడు కబుర్లు – 17)

ఇంగ్లండులో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ ఇల్లు నడుపుకోవడం మీద లావుపాటి పుస్తకం ఒకటి వేసింది, 1861లో. అందులో 40 మంది పిక్నిక్కి పోతే ఏమేం పట్టుకుపోవాలో ఒక పట్టీ ఉంది. మొదటి వస్తువు కాల్చి చల్లార్చిన పెద్దకూర, ఒక పెద్ద ముక్క. రెండోది ఉడకబెట్టి చల్లార్చిన పెద్దకూర, ఇంకో ముక్క. ఆ తర్వాత గొర్రె పక్కటెముకలు, కోళ్ళు, బాతులు, పంది తొడ, ఒక నాలుక, చుట్టచుట్టి వండిన దూడ తలకాయ. సీసాల బిరడాలు తీసే మరలు 3 మర్చిపోవద్దంది. కాఫీ మాత్రం పిక్నిక్కి పనికిరాదట, కాచుకోవడం కష్టమని.

నాలుక, తలకాయ! మా పేటలో పండక్కి పోగులేసినప్పుడు తలకాయ ఎవరింటికి పోవాలని జరిగే గొడవ గుర్తొచ్చి నవ్వుకున్నాను. దొరసాని రాస్తే విందు భోజనం. మా అమ్మ వండితే, వీధి చివర నుంచే ముక్కు మూసుకునే కూర.

ఈ పట్టీ ఇప్పుడెందుకు వెతికానంటే, మా చెల్లెలి కూతురి వల్ల. పిల్ల లండన్ పక్కన ఉద్యోగం చేస్తోంది. బాగా పనిచేసినందుకు ఆఫీసువాళ్ళు ఒక పెద్ద దుకాణం వోచరు ఇచ్చారు. ఆ దుకాణంలో ఖరీదైన పిక్నిక్ బుట్టలు అమ్ముతారు. విల్లో పుల్లలతో అల్లిన బుట్ట, మూతకి తోలు పట్టీలు, లోపల పింగాణీ పళ్ళేలు, గాజు గ్లాసులు, చారల గుడ్డ. ఇవన్నీ వాళ్ళే సర్ది ఇస్తారు. తినేవి మాత్రం మనం ఎంచుకోవాలి, ఎనిమిది రకాలు. ఆగస్టు ఆఖరి సోమవారం అక్కడ సెలవు. ఆరుగురు తెలుగు పిల్లలు కలిసి విండ్సర్ గ్రేట్ పార్కుకి పోదామనుకున్నారు. వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి రాసింది: "బుట్ట నీదే కదా, అందరికీ ఓకే అయ్యేవి పెట్టు."

"పెద్దమ్మా, అందరికీ అంటే ఎవరికి?" అని అడిగింది మా పిల్ల.

అసలు పిక్నిక్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదట్లో ఎవరి వంతు వాళ్ళు తెచ్చి, అందరూ కలిసి తినే విందుకి ఆ పేరు. మనకీ ఉన్నాయిగా వనభోజనాలు. కార్తీకమాసం వచ్చిందంటే ఊరి చివర తోటలన్నిటికీ ఫ్లెక్సీలు కడతారు. ఫలానా కుల సంఘం వనభోజనాలు, ఫలానా కులస్థులందరికీ ఆహ్వానం. ఉసిరిచెట్టు ఒకటే, దాని కింద ఒక ఆదివారం ఒక కులం, ఇంకో ఆదివారం ఇంకో కులం. 'అందరికీ' అన్న మాటకి అర్థం అక్కడే నేర్చుకోవచ్చు.

మా అమ్మకి ఈ అర్థం బడికి పోకుండానే తెలుసు. పల్నాడులో మిరపకోతలకి పోయేటప్పుడు తెల్లారుజామున క్యారేజీ కట్టుకునేది. ఏం కట్టుకోవాలన్నది పొయ్యి మీద ఏముందన్న దాన్నిబట్టి ఉండేది కాదు, ఆరోజు ఎవరి చేలో కోత, పక్క సాలులో ఎవరు కోస్తున్నారు అన్న దాన్నిబట్టి ఉండేది. అన్ని కులాల ఆడవాళ్ళూ వచ్చే చేనైతే జొన్నన్నం, పచ్చిమిరపకాయల తొక్కు. మా పేటవాళ్ళమే అయితే రాత్రి మిగిలిన పెద్దకూర. మొదటి రకం రోజున కూడా మా వాళ్ళు కూర్చునేది వేరే తుమ్మచెట్టు కిందే. తొక్కు పెట్టుకుపోయినా, కూర పెట్టుకుపోయినా చెట్టు మారలేదు. మరెందుకమ్మా దాచడం అంటే, "గాలి అటు కొడితే ఆ పూట కూలి పోద్దే" అనేది. ఘాటైన మిరప చేలో కూర వాసన పట్టే ముక్కులవి!

పిల్ల దుకాణం పట్టీ నాకు పంపింది. చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. బ్రెసావోలా. ఏంటిదని అడిగితే చెప్పింది: ఇటలీ ఉత్తరాన కొండల్లో చేస్తారట, పశువు తొడ మాంసానికి ఉప్పు పట్టించి, వారాల తరబడి గాలికి ఆరబెట్టి, కాగితమంత పలచగా కోస్తారట. 80 గ్రాముల ప్యాకెట్టు 5 పౌండ్ల పైనే.

ఒట్టితునకలే కదమ్మా ఇవి!

తెలియని మిత్రుల కోసం చెప్తాను. పెద్దకూర ఎక్కువగా దొరికినప్పుడు పొడుగ్గా, తాడులాగా కోస్తారు. ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తారు. ఎండ బాగా కాస్తే మూడు నాలుగు రోజులు. కాకులు తన్నుకుపోకుండా కర్ర పట్టుకుని కాపలా కాయడం పిల్లల పని, నేనూ కాశాను. ఎండాక కుండలో పెడితే వానాకాలం దాకా ఉంటాయి. నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, గోంగూరలో వేస్తే ఒక్క తునకతో ఇంటిల్లిపాదీ అన్నం తింటారు. పని దొరకని రోజుల కోసం దాచుకున్న తిండి అది. ఇటలీ కొండల్లోనూ, దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్ చేసేవాళ్ళకీ అదే అవసరం, అదే ఉపాయం. ఫ్రిజ్జు లేని చోట ఉప్పూ గాలీ ఎండే ఫ్రిజ్జు.

మా అమ్మకి ఫోనులో బొమ్మ చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "కారం పట్టియ్యరా?" అంది. పట్టించరంటే, "పాపం" అంది.

సరే, 'అందరికీ ఓకే' సంగతికొద్దాం. ఆ గ్రూపులో మాంసం ముట్టని పిల్లలు ఇద్దరు. వాళ్ళ తిండి వాళ్ళిష్టం, నాకే పేచీ లేదు. వాళ్ళు కోరిన వస్తువు పార్మెజాన్ జున్ను. అసలు సిసలు పార్మిజానో రెజ్జానో చేయాలంటే పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడి తీరాలి, ఇటలీలో అది నియమం. అందుకే అక్కడి జున్ను ప్యాకెట్ల మీద శాకాహారులకి పనికొస్తుందా లేదా అని చూసుకోమంటారు. వూస్టర్ సాస్‌లో ఆంకోవీలు వేస్తారు. అంటే మన నెత్తళ్ళ చుట్టాలే, పులియబెట్టినవి. మెత్తటి మార్ష్‌మాలోలో జెలటిన్, పశువుల తోలూ ఎముకల నుంచి తీసేది. ఇవన్నీ ఆ పిల్లలకి తెలియక కావచ్చు. తెలిస్తే మానేస్తారేమో, అదీ వాళ్ళిష్టమే. కానీ ఇవి బుట్టలో ఉంటే ఇన్నేళ్ళూ ఎవరికీ కడుపులో తిప్పలేదు. వాసన పేరుకి ఉంటుంది, వస్తువుకి కాదు. పేరుక్కూడా కాదేమో, తెచ్చిన చేతికి ఉంటుంది.

ఆ తోలు పట్టీల సంగతి కూడా ఎవరూ అడగరు. ఏ పశువు తోలు, ఎవరు పదును చేశారు, ఎవరు కుట్టారు? మా తాత చెప్పులు కుట్టాడు కాబట్టి నా కన్ను ముందు వాటి మీదకే పోయింది. బుట్ట అల్లేవాళ్ళకి మన దగ్గర ఒక కులం పేరు, పట్టీ కుట్టేవాళ్ళకి ఇంకో కులం పేరు. రెండూ కలిపి కొట్టులో పెడితే లగ్జరీ.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరు శనివారం రాత్రి బీఫ్ బర్గర్ తినేవాళ్ళే. మా పిల్లతో కలిసే తిన్నారు. "బయట తింటే వేరు, మనవాళ్ళందరం కూర్చున్నప్పుడు వద్దులే" అన్నారట. ఈ మాట నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పరు. బర్గర్ కొట్లో తింటే అది అలవాటు. 'మనవాళ్ళ' మధ్య బుట్టలోంచి తీస్తే అది కులం. కిందటి పిక్నిక్‌లో ఒకావిడ మా పిల్లని "మీరేమిట్లు?" అని అడిగింది. పిల్ల జవాబు చెప్పకుండా గ్లాసులు కడగడానికి లేచిపోయింది. ఈసారి బుట్టే జవాబు చెప్పేస్తుందని దాని భయం.

భయం ఊరికే రాలేదు. దానికి హైదరాబాదులో ఐదో తరగతిలో బడి నుంచి చీటీ వచ్చింది, బాక్సులో మాంసం, గుడ్డు పెట్టొద్దని. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెడితే రాళ్ళు పడటం టీవీలో చూసింది. 2015లో దాద్రిలో ఫ్రిజ్జులో ఏ మాంసం ఉందన్న అనుమానం మీద మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. ఇక బ్రిటన్ సంగతంటారా, సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చమని 2013లో పార్లమెంటే చెప్పింది. 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చేసింది, కోర్టు తీర్పులు చాలంది. మరి గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నప్పుడు ఎవరు ఎటు జరిగారో ఏ కోర్టు చూస్తుంది?

అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళెవరు, ఎలా అంటరానివాళ్ళయ్యారు అన్న పుస్తకంలో ఈ ముడి దగ్గరే కూర్చున్నాడు. ఆవు మాంసం తినడం ఆపనివాళ్ళ మీద అంటరానితనం పడిందన్నది ఆయన వాదన. ఆయన లండన్‌లో చదువుకునేటప్పుడు ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్డు 10వ నంబరు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పిల్ల లండన్ దిగిన మొదటి వారమే పోయి చూసొచ్చింది. "పుస్తకం చదివావుగా, ఇంక నన్నెందుకే అడగడం?" అన్నాను.

"పుస్తకంలో ఎనిమిది వస్తువుల పట్టీ లేదు పెద్దమ్మా" అంది.

నిజమే. బీఫ్ పెట్టు, తల ఎత్తుకుని తిను అని ఇక్కడ కూర్చుని చెప్పడం నాకు తేలిక. గ్రూపులో మిగిలేది, ఇల్లు అద్దెకి వెతుక్కునేది, జ్వరమొస్తే వాళ్ళకే ఫోను చేసుకోవాల్సింది అది. అందుకని ఏం పెట్టాలో చెప్పలేదు. ఒక్కటే అడిగాను: నీ వోచరుతో, నీ కష్టంతో వచ్చిన బుట్టలో నువ్వు తినేది ఒక్కటైనా ఉందా?

రాత్రి ఆర్డరు పెట్టేసి పట్టీ పంపింది. ఓట్ కేకులు. దూడ రెన్నెట్ లేని చెద్దార్, ఆ ఇద్దరి కోసం, విడి డబ్బాలో, విడి చాకుతో. మామిడి చట్నీ. స్ట్రాబెర్రీలు. స్కోన్లు. వాటి మీదకి మీగడ. ఎల్డర్‌ఫ్లవర్ షర్బత్తు. ఎనిమిదోది బ్రెసావోలా, రెండు ప్యాకెట్లు.

ఆ పట్టీనే గ్రూపులోనూ పెట్టింది, బ్రెసావోలా పక్కన 'ఎండబెట్టిన బీఫ్, మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఒట్టితునకలంటారు' అని తెలుగులో రాసి. ఇప్పటికి ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకరు రాలేనేమో అన్నారు, కారణం చెప్పలేదు. మిగతా ముగ్గురూ చదివారు, నీలం టిక్కులు పడ్డాయి.

పిక్నిక్ వచ్చే సోమవారం, వాన లేకపోతే.