నీళ్లలో గేదె బేరం

నీళ్లలో ఉన్న గేదెకు బేరం పెట్టవద్దని మన పెద్దలు చెబుతారు. కొమ్ములు కనిపిస్తాయి, వీపు కాస్త కనిపిస్తుంది. పొదుగు ఎంతో, కాలు కుంటో కాదో ఒడ్డుకు వస్తేగాని తెలియదు. అటువంటి బేరాన్నే అమెరికాలో పాతికేళ్లకు పైగా దర్జాగా నడుపుతున్నారని తెలిసి ముక్కున వేలేసుకున్నాను. హోటల్ గది అద్దె ఎంతో చెబుతారు, ఏ పేటలో ఉందో చెబుతారు, ఎన్ని నక్షత్రాల స్థాయో చెబుతారు. హోటల్ పేరు మాత్రం చెప్పరు! డబ్బు కట్టిన తరువాతే పేరు బయటపడుతుంది. పేరు చూసి నచ్చలేదంటే కట్టిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు.

మన సంఘంలో పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఏటా ఎవరో ఒకరు వెళ్లి వస్తూనే ఉన్నారు. వారికి పనికివస్తుందని, 2024 జూన్‌లో మేము వెళ్లినప్పుడు తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి న్యూయార్క్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఇంకా ఉద్యోగం కాదు. వాళ్లిచ్చే స్టైపెండులోనే ఇంటి అద్దె, తిండి, తిరుగుడు అన్నీ జరగాలి. మేము వెళ్లిన వారానికే, "నయాగరా చూపిస్తాను, రెండు రాత్రులు అక్కడే ఉందాం, ఖర్చంతా నాది" అంది. "విమానం టికెట్లు కొనుక్కుని ఇంత దూరం వచ్చినవాళ్లం, హోటలు ఖర్చు పెట్టుకోలేమా అమ్మలూ?" అన్నారు మా వారు. దాని ముఖం చిన్నబోయింది. ఏమీ అనకుండా వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. వెనకాలే వెళ్లి చూద్దును కదా, 'అమ్మా నాన్నా' అని పేరు పెట్టి ఒక లెక్క రాసుకుని ఉంది. నెలకు నలభై డాలర్ల చొప్పున ఏడాదిన్నరగా పక్కన పెడుతోంది. ఆ సంగతి నాతో కూడా ఎప్పుడూ అనలేదు. ఆయనను పక్కకు పిలిచి, "ఇక డబ్బు మాట ఎత్తకండి, అది పెట్టుకోనీండి" అని చెప్పాను.

ఆ డబ్బులో సరిపెట్టడానికే అది ఈ పేరు దాచిన గదుల కోసం వెతుకుతోంది. మా వారు రైల్వేలో టికెట్ ఎగ్జామినరుగా చేసి రిటైరయ్యారు. వంకాయ కొన్నా తొడిమ తిప్పి చూడనిదే సంచిలో వేయించుకునే మనిషి కాదు. "అంత మంచి హోటలయితే పేరు ఎందుకు దాచాలి? దాచాడంటే అందులో ఏదో మతలబు ఉంది" అన్నారు. దానికి అమ్మాయి, "నాన్నా, బండి కదిలిపోయాక ఖాళీగా ఉన్న బెర్తు ఎవరికి పనికొస్తుంది?" అంది. ఆయన ఇక మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు ఖాళీ బెర్తులు లెక్కపెట్టిన వారికి ఆ మాట వేరే విడమరచి చెప్పనక్కరలేదు కదా!

అసలు కిటుకు అదే. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గదిని రేపు అమ్ముకోవడానికి వీలుండదు. ఎంతో కొంతకు పోతే మేలే. అలాగని నూట ఎనభై డాలర్ల గదిని నూట ఇరవైకి ఇస్తామని బాహాటంగా బోర్డు పెడితే, పూర్తి ధర ఇచ్చిన వాడు వచ్చి కౌంటరు దగ్గర నిలదీస్తాడు. రేపటి నుంచి ఎవరూ నూట ఎనభై ఇవ్వరు. కనుక పేరుకు ముసుగు వేసి అమ్ముతారు. ఆ హోటలే కావాలని పట్టుబట్టేవాడు పూర్తి ధర ఇస్తాడు. ఏదో ఒక మంచి చోటు దొరికితే చాలుననుకునేవాడికి తక్కువకు వస్తుంది. అంటే ఆ తగ్గింపు ఊరికే రాదన్నమాట. మనం వదులుకున్న ఎంపికకు అది ఖరీదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది ప్రైస్‌లైన్ అనే సంస్థ. 1998లో అది మొదలైనప్పుడు బేరం ఇంకా విడ్డూరంగా ఉండేది. 'మీ ధర మీరే చెప్పండి' అనేవారు. మనం కార్డు నంబరు ముందే ఇచ్చి, ఇంతే ఇస్తామని చెప్పాలి. ఎవరైనా ఒప్పుకుంటే ఆ క్షణమే డబ్బు కోసుకుంటారు, ఇక వెనక్కి పోవడానికి లేదు. విమానం టికెట్లకు ఆ పద్ధతిని 2016లో ఆపేశారు, తరువాత హోటళ్లకూ పోయింది. 2000లో వచ్చిన హాట్‌వైర్ సంస్థ ధర తానే చెప్పి పేరు దాచడం అలవాటు చేసింది. ఇప్పుడు నడుస్తున్నది ఎక్కువగా ఆ పద్ధతే. కొన్నిచోట్ల మూడు హోటళ్ల పేర్లు చూపించి, ఈ మూడింటిలో ఒకటి మీకు వస్తుందని కూడా అంటారు.

ఆలోచిస్తే ఇది మనకు బొత్తిగా తెలియని వ్యవహారమేమీ కాదు. తిరుమలలో గది ముందుగా తీసుకున్నప్పుడు అద్దె ఎంతో తెలుస్తుంది గాని, ఏ కాటేజీలో ఇస్తారో కొండ మీదికి వెళ్లాకే కదా తెలిసేది! అక్కడ స్వామి మీద భారం వేస్తాం. ఇక్కడ భారం వేయడానికి ఎవరూ లేరు కాబట్టి ముందే నాలుగు విషయాలు విచారించుకోవాలి.

ఆ రాత్రి నేనూ అమ్మాయీ కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం. దేనికి సర్దుకుపోగలం, దేనికి సర్దుకుపోలేం అని రెండు వరుసలు గీశాం. పేరు ఏదైనా ఫరవాలేదు. కిటికీలోంచి జలపాతం కనిపించకపోయినా ఫరవాలేదు. ఉప్మా, పులిహోర మేమే చేసి పట్టుకుపోతాం గనుక హోటల్లో టిఫిను లేకపోయినా సరే. ఇవి ఒక వరుస. జలపాతానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి, ముగ్గురమూ ఒకే గదిలో ఉండాలి, లిఫ్టు ఉండాలి. ఇవి రెండో వరుస.

ముఖ్యమైన చిక్కు ఒకటి మిగిలింది. మా వారికి రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. అమెరికా హోటళ్లలో చాలా స్నానాల గదుల్లో తొట్టి ఉంటుంది. దాని అంచు మోకాలి ఎత్తున ఉంటుంది. దాటి లోపలికి దిగాలి, తడి కాళ్లతో మళ్లీ దాటి బయటకు రావాలి. అంచు లేని స్నానాల గది కావాలంటే హోటల్ పేరు తెలుసుకుని, అటువంటి గదే ముందుగా రిజర్వు చేసుకోవాలి. పేరు దాచిన బేరంలో ఆ హామీ దొరకదు. పరుపులు ఒకటా రెండా అన్నది కూడా మనం కోరుకోవడమే గాని, ఇచ్చి తీరాలని లేదు.

"ఒక పరుపే ఉంటే నేను కింద పడుకుంటాను, స్నానం సంగతే నాకు బెంగ" అంది అమ్మాయి. మా వారు అంతా విని, "బరంపురంలో ఇన్నేళ్లు బకెట్టు, మగ్గుతో స్నానం చేసినవాణ్ణి. రెండు రోజులకు తొట్టి ఎందుకు? ఒక ప్లాస్టిక్ స్టూలు కారులో వేసుకుందాం. తొట్టి దిగకుండా, దాని పక్కనే కూర్చుని లోపలికి వంగి ఒళ్లు తుడుచుకుంటాను" అన్నారు. పైసా పైసా లెక్క చూసుకునే మనిషి తన సౌకర్యం వదులుకున్నది డబ్బు కోసం కాదని నాకు తెలుసు. అమ్మాయి పెట్టిన లెక్కలో సరిపోవాలనే. అది కూడా గ్రహించినట్టే ఉంది, ఆయన వంక ఒకసారి చూసి తల వంచుకుని పేర్లు నింపడం మొదలుపెట్టింది.

నయాగరా విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. జలపాతానికి ఒక ఒడ్డు అమెరికా, రెండో ఒడ్డు కెనడా. రెండు ఒడ్డుల ఊళ్ల పేరూ నయాగరా ఫాల్సే! కెనడా వైపు గది చవకగా కనిపించిందని డబ్బు కట్టేస్తే, కెనడా వీసా లేని మనవాళ్లు వంతెన దాటి ఆ గదికి చేరలేరు. కట్టిన డబ్బు నీళ్లపాలు. కనుక ఊరి పేరు పక్కన న్యూయార్క్ అని ఉందో, ఒంటారియో అని ఉందో రెండుసార్లు చూసుకోవాలి.

పేట, నక్షత్రాలు, లిఫ్టు, ముగ్గురు మనుషులు అన్నీ సరిచూసుకున్నాక అమ్మాయి మీట నొక్కింది. రాత్రికి నూట పన్నెండు డాలర్లు, పన్నులతో కలిపి నూట ముప్పై ఒకటి. అదే పేటలో అదే స్థాయి హోటళ్లు పేరుతో చూస్తే నూట డెబ్బైకి తక్కువ లేవు, పన్నులు వేరే. పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర దించినట్టు పేరు వచ్చింది. ఊరూపేరూ ఉన్న హోటలే. జలపాతానికి పది నిమిషాల నడక. అమ్మాయి వెంటనే ఆ హోటలుకు ఫోను చేసి, తండ్రి మోకాళ్ల సంగతి చెప్పి, రెండు పరుపులూ వీలైతే అంచు లేని స్నానాల గదీ ఇవ్వమని అడిగింది. "రాసి పెడతాం, మాట మాత్రం ఇవ్వలేం" అన్నారు. ఆ మాట నిజాయితీగానే చెప్పారు.

వెళ్లాం. రెండు పరుపులూ దొరికాయి, స్నానానికి మాత్రం తొట్టే. స్టూలూ మగ్గూ అక్కరకు వచ్చాయి. కారు పెట్టుకున్నందుకు హోటల్లో వేరే కట్టవలసి వచ్చింది. అది ముందే చూసి లెక్కలో వేసుకున్నాం గనుక బాధ కలగలేదు. మిగిలిన డబ్బుతో అమ్మాయి ముగ్గురికీ పడవ టికెట్లు కొంది. 'మెయిడ్ ఆఫ్ ది మిస్ట్' అనే ఆ పడవలో నీలం రంగు పల్చటి కోట్లు ఇస్తారు. అది తొడుక్కుని, ఒళ్లంతా జల్లు పడుతుంటే మా వారు కమ్మీ పట్టుకుని నిలబడి, "స్నానం ఇక్కడే అయిపోయింది కదే!" అన్నారు. అమ్మాయి అంతగా నవ్వడం ఆ మూడు వారాల్లో అదే మొదటిసారి.

అయితే ఆ తరువాత న్యూయార్క్ నగరంలో నాలుగు రోజులు ఉన్నప్పుడు మేము ఈ బేరం జోలికి పోలేదు. రెండు రోజులు ఒళ్లు తుడుచుకుని గడపవచ్చు గాని, ఎండలో ఊరంతా తిరిగి వచ్చి నాలుగు రోజులు అలా గడపడం కష్టం. పేరు తెలిసిన హోటల్లో, అంచు లేని స్నానాల గది ఖాయం చేసుకుని, పూర్తి ధర ఇచ్చాం. ఆ ఖర్చు మాత్రం సగం ఆయనను పెట్టుకోనిచ్చింది.

ఇక వెళ్లబోయే వారికి నాలుగు మాటలు. గది ఎవరి పేరున తీసుకుంటే వారే పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని ముందుగా కౌంటరు దగ్గరకు వెళ్లాలి. పిల్లల పేరున తీసుకుని తల్లిదండ్రులు ముందు చేరితే తాళం ఇవ్వకపోవచ్చు. ఇక నక్షత్రాల సంగతి. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ హోటళ్లకు స్థాయి నిర్ణయిస్తుంది. అమెరికాలో అటువంటి ప్రభుత్వ ముద్ర లేదు, అమ్మే సంస్థ తన లెక్క ప్రకారం ఇచ్చుకుంటుంది. కనుక బస చేసినవారు ఇచ్చిన మార్కులు కూడా చూడండి. అదనపు రుసుములు చివరి దాకా దాచే అలవాటు అక్కడ చాలా హోటళ్లకు ఉండేది. 2025 మే 12 నుండి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరే మొదట చూపాలని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. అయినా కారు స్థలం వంటివి వేరే ఉంటాయి. తానా, ఆటా సభలకు నాలుగు కుటుంబాలు కలిసి వెళుతూ ఒకే హోటల్లో ఉండాలనుకుంటే ఈ బేరం వద్దు, తలొక చోటా పడతారు. ప్రయాణం తేదీ మారే అవకాశం ఉన్నా, పెద్దవారి ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియకపోయినా, రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా నిశ్చింతగా ఉంటుంది.

పిల్లలు ఖర్చు తాము పెడతామంటే పెట్టనివ్వండి. వాళ్ల లెక్క మాత్రం ఒకసారి తొంగి చూడండి. పెట్టెలో ఒక ప్లాస్టిక్ మగ్గు మరిచిపోకండి సుమా, అది ఎన్ని నక్షత్రాల హోటల్లోనూ ఉండదు!