పాల్ మెక్‌గాన్ గొంతు విన్నారా?

ఇంత పెద్ద నిధి ఉందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం? 'డాక్టర్ హూ' అంటే నాకు 2005 నుంచి వచ్చిన టీవీ సిరీసే. డాక్టర్లుగా ఎక్లెస్టన్, టెనెంట్, ఆ నీలం పోలీసు పెట్టె, గొంతు చించుకుని అరిచే డాలెక్కులనే శత్రువులు. బిగ్ ఫినిష్ అనే బ్రిటిష్ సంస్థ 1999 నుంచి ఇదే సిరీస్‌కి ఆడియో నాటకాలు చేస్తోందనీ, వాటిలో పాత డాక్టర్ల పాత్రలు ఆ నటులే వచ్చి మళ్లీ వేస్తున్నారనీ ఈమధ్యే తెలిసింది. అప్పట్నుంచీ నడకకెళ్లినా, కూరలు తరుగుతున్నా చెవిలో ఇవే. ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకడం లేదని ఫిర్యాదు. పలకను మరి, పెద్ద గాలిఓడ కూలిపోబోతోంది అవతల!

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ సిరీస్ బీబీసీలో 1963లో మొదలైంది (మొట్టమొదటి కథకి దర్శకుడు మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్). కాలంలో తిరిగే ఈ డాక్టర్ ప్రాణం మీదికొచ్చినప్పుడు కొత్త ఒంట్లోకి మారతాడు కాబట్టి నటులు మారుతూ వచ్చారు. 1989లో సిరీస్ ఆగిపోయింది. 1996లో ఒకే ఒక్క టీవీ సినిమా తీసి, పాల్ మెక్‌గాన్‌ని ఎనిమిదో డాక్టర్‌గా పెట్టారు. దాని తర్వాత 2005 దాకా సిరీస్ రాలేదు. పాపం, పూర్తిగా వేషం కుదిరేలోపే తెర పడిపోయింది.

ఆ మనిషి 2001 జనవరిలో 'స్టార్మ్ వార్నింగ్' అనే ఆడియో కథతో తిరిగొచ్చాడు. కథ జరిగేది ఆర్‌101 అనే గాలిఓడలో. ఇది కల్పన కాదు. 1930 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి, అప్పటికి మన దేశంలోనే ఉన్న కరాచీకి బయల్దేరి, ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలిపోయిన ఓడ. 48 మంది చనిపోయారు. కాబట్టి ఓడ ఏమవుతుందో వినేవాళ్లకి ముందే తెలుసు. అందులోకి మగపిల్లాడి వేషం వేసుకుని దొంగచాటుగా ఎక్కేసిన చార్లీ పొలార్డ్ అనే అమ్మాయి ఉంది చూశారూ, నాకు ఆ పిల్ల పిచ్చి పట్టుకుంది. చరిత్ర లెక్కలో ఆమె ఆ రాత్రి చచ్చిపోవాలి. డాక్టర్ చావనివ్వడు. ఆ ఒక్క దయకి కాలం ఎంత వడ్డీ వసూలు చేసిందన్నదే తర్వాతి కథలకి వెన్నెముక. చార్లీగా ఇండియా ఫిషర్ అనే నటి నవ్వితే భయం కూడా వినిపిస్తుంది.

రేడియో నాటకం మన చెవికి కొత్తది కాదు. 'సంక్షిప్త శబ్దచిత్రం' విని సినిమా చూసేసినట్టే చెప్పుకున్న జనం మనం. కానీ 'ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్' లాంటిది మాత్రం నేనెప్పుడూ వినలేదు. రాబర్ట్ షియర్‌మన్ రాశాడు, 2002లో వచ్చింది. క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఇంగ్లండ్‌లో ఓ గొప్పింటి కింది అంతస్తులో పనివాళ్ల వంటగది. గంట కొట్టగానే ఒకరు చస్తారు. అంట్లు తోమే ఎడిత్ సింకులో తల మునిగి ఉంటుంది. వంటావిడ నోట్లో ఆమె చేసిన ప్లమ్ పుడింగే కుక్కి ఉంటుంది. డ్రైవరు ఇంటి లోపలే కారు కింద పడి పోతాడు! బట్లరు మాత్రం ఆత్మహత్యేనని తాపీగా తేల్చేస్తాడు. పన్నెండు కొట్టగానే కాలం వెనక్కి జరుగుతుంది, పోయినవాళ్లు మళ్లీ పనిలో ఉంటారు. మొదట నవ్వొస్తుంది. తానెవరికీ ఏమీ కానని ఎడిత్ పదే పదే అంటుంటే ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఇంతకంటే చెబితే పాపం తగులుతుంది. ఇయర్‌ఫోన్లతో, లైటార్పి వినండి. ఆ గడియారం టిక్‌టిక్ పక్కగదిలోంచే వస్తున్నట్టుంటుంది.

ఇదే షియర్‌మన్ రాసిన 'జూబిలీ'లో లండన్ టవర్‌లో వందేళ్లుగా బందీగా ఉన్న డాలెక్‌తో, చరిత్ర పాఠాలు చెప్పే ఎవెలిన్ అనే పెద్దావిడ మాట కలుపుతుంది. 2005లో టీవీలో వచ్చిన 'డాలెక్' ఎపిసోడ్‌కి మూలం ఇదే. 'జూబిలీ'లో డాక్టర్ కాలిన్ బేకర్. టీవీ వాళ్లు 1986లో తీసేసిన మనిషి. ఇక్కడ మంచి రచన చేతికొచ్చేసరికి ఎంత బాగా చేశాడో వినాలి.

'స్పేర్ పార్ట్స్' సంగతి వేరు. సైబర్‌మన్లనే యంత్రమనుషులు ఎలా పుట్టారన్న కథ. పిల్లల్ని కనిపెట్టుకుని బతికే ఓ మామూలు తండ్రి. యంత్రంగా మార్చేసిన కూతురు వెతుక్కుంటూ ఇంటికొస్తుంది. తండ్రి గుర్తుపడతాడు. ఆ దృశ్యంలో మనకి బొమ్మ లేకపోవడమే మేలు. రబ్బరు సూటు, జిప్పు కనిపించి ఉంటే నేనంతలా ఏడ్చేదాన్ని కాదు.

అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. "అదిగో, నీ చేతిలో తుపాకీ!" అంటూ కనపడనిదాన్ని చెప్పే తరహా మాటలు అప్పుడప్పుడు తగులుతాయి. 'స్టార్మ్ వార్నింగ్' మొదట్లో డాక్టర్ తనలో తాను మాట్లాడుకునే ఘట్టం మరీ సాగింది. నలభై ఏళ్ల పండక్కి చేసిన 'జాగ్రియస్' మూడు సీడీల గందరగోళం.

2013లో బీబీసీ ఓ చిన్న ఎపిసోడ్‌లో మెక్‌గాన్‌ని మళ్లీ తెర మీదికి తెచ్చింది. చివర్లో ఒళ్లు మారే ముందు ఆయన తన నేస్తాల పేర్లు తలుచుకుంటాడు. చార్లీ, క్రిజ్, లూసీ, టామ్సిన్, మాలీ. అందరూ ఆడియో నాటకాల వాళ్లే! మొదటిసారి చూసినప్పుడు అవి నాకు ఉత్త పేర్లు. మొన్న మళ్లీ పెట్టుకుని చూస్తే, 'చార్లీ' అన్న మొదటి మాటకే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

మీరు టీవీలో ఒక్క ఎపిసోడ్ చూడకపోయినా ఫర్వాలేదు. పాత కథలు బిగ్ ఫినిష్ సైట్లోనే కొత్తవాటికంటే తక్కువ ధరకి దొరుకుతాయి. ముందు 'స్టార్మ్ వార్నింగ్' ఓపిగ్గా దాటండి, తర్వాత 'చైమ్స్' వినండి. 'జాగ్రియస్' జోలికి ఇప్పుడే వెళ్లకండి. విన్నాక మాత్రం నాకో మాట చెప్పండి, చార్లీ గురించి మాట్లాడుకోవడానికి ఇక్కడ ఒక్క మనిషీ దొరకడం లేదు.